సెలవుల చివర ఒక చిన్న అంగీ

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. మా నాగాయలంకలో ఆ ఎండకు ఉప్పుగాలి తోడు. కాలవలు కట్టేసి చాలా రోజులవుతుంది. సముద్రం పోటు కృష్ణలోకి ఎగదన్ని రేవులో నీళ్లు నోట పెట్టుకోనివ్వవు. మంచినీళ్ల చెరువు అడుగుకు చేరుతుంది. చర్చిలో విబిఎస్, అంటే సెలవుల బైబిలు బడి, అయిపోయింది. అక్కడ నేర్చుకున్న పాటలు ఇంట్లో నాలుగు రోజులు వినబడి ఆగిపోయాయి. అమ్మమ్మగారి ఊళ్లకు వెళ్లిన పిల్లలు తిరిగొచ్చేశారు. బడి తెరవడానికి ఇంకా రెండు వారాలుంది. ఇక ఏ ఇంటి ముందు నిలబడినా ఒకటే మాట వినిపిస్తుంది: "ఈ బళ్లు ఎప్పుడు తెరుస్తారో గానీ, వీళ్లతో పడలేకపోతున్నామండీ."

ఆ రెండు వారాల గురించే మీతో మాట్లాడాలనుకుంటున్నాను. నేను ముప్పై ఏళ్లకు పైగా సండే స్కూలు చెప్పాను. అంతకంటే ఎక్కువ కాలం కాలుమిషను తొక్కాను. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది పిల్లల చెవిదాకా పోతుంది గానీ, పక్కన కూర్చుని చేయించింది వాళ్ల చేతికొస్తుందని ఈ రెండు పనుల్లోనూ చూశాను. భక్తి కూడా అంతే. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో మోషే తల్లిదండ్రులకు చెప్పింది ఒకసారి తీసి చదవండి. దేవుని మాటలు పిల్లలకు ఎప్పుడు నేర్పమన్నాడు? ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. ఆరాధన జరిగే రెండు గంటల సంగతి అక్కడ లేదు. మనం రోజంతా చేసుకునే పనులే ఉన్నాయి. ఈ వేసవి చివర మీ పిల్లల చేతుల్లో అలాంటి రెండు పనులు పెట్టండి: పళ్లు ఏరడం, బట్ట కుట్టడం.

చెట్టు దగ్గరికి

మా వైపు ఈతచెట్లు కాలవగట్ల మీద, పొలం గట్ల మీద వాటంతటవే మొలుస్తాయి. మే నెలలో గెలలు పసుపు తిరుగుతాయి. దోరగెల కోసి, ఉప్పునీళ్లు చల్లి, గోనెసంచిలో చుట్టిపెడితే రెండు మూడు రోజుల్లో నల్లగా మగ్గుతాయి. వాటి వెనకే నేరేళ్లు వస్తాయి. మృగశిర దగ్గరపడి ఒక్క వాన పడిందంటే చెట్టు కింద నేలంతా ఊదారంగే. వాక్కాయలు మాత్రం ఇంకా పచ్చిగా, పప్పులోకి పనికొచ్చేంత పుల్లగా ఉంటాయి. చేపల చెరువులు, రొయ్యల చెరువులు వచ్చాక గట్ల మీద చెట్లు తగ్గిపోయాయి. మీ ఊళ్లో మిగిలిన నాలుగు చెట్లూ ఎక్కడున్నాయో ముందు పిల్లలకు చూపించండి.

పోయిన వేసవిలో మనవణ్ణి, మనవరాల్ని వెంటబెట్టుకుని పొద్దున్నే బయల్దేరాను. మా వీధి చివరింట్లో పాత నేరేడు చెట్టుంది. ఆ ఇంటి పెద్దావిడ అప్పుడే కల్లాపి చల్లి ముగ్గేస్తోంది. గేటు దగ్గర నేను ఆగిపోయి, "నువ్వే అడుగు నాన్నా" అని మనవణ్ణి ముందుకు పంపాను. వాడు సిగ్గుపడుతూ, "మామ్మగారూ, కాసిని నేరేళ్లు ఏరుకోమంటారా?" అన్నాడు. ఆవిడ ముగ్గుగిన్నె పక్కన పెట్టి నవ్వింది. "ఏరుకో బాబూ, రాలినవన్నీ మీవే. కొమ్మ మాత్రం ఎక్కబాక. నేరేడు కొమ్మ పెళుసు."

చెట్టు కింద పాత చీర పరిచాం. నేను దోటితో కొమ్మ కదిపితే పళ్లు టపటపా రాలాయి. పిల్లలు గుడ్డమీద మోకాళ్లూని ఏరారు. చితికినవి ఒక పక్కకి, గట్టివి గిన్నెలోకి. కాసేపటికి ఇద్దరి నాలుకలూ నీలంగా తిరిగాయి. కిందికి వంగిన కొమ్మ మీద చేతికందేంత ఎత్తులో మంచి గుత్తులు మిగిలాయి. మనవడు చెయ్యి చాచాడు. "దాన్ని ఉండనివ్వరా" అన్నాను.

"ఎందుకు అమ్మమ్మా? అందుతోందిగా?"

"అందుకే ఉంచమన్నది. మన వెనక ఇంకా చిన్నపిల్లలొస్తారు. వాళ్లకు అందేది ఆ కొమ్మొక్కటే. పైవి గోరింకలకి."

ఆ సాయంత్రం ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చదివాం. పొలం కోసేటప్పుడు ఒక పన మరిచిపోతే దానికోసం వెనక్కి వెళ్లొద్దని, ఒలీవ చెట్టు ఒకసారి దులిపాక మళ్లీ కొమ్మలు వెదకొద్దని, మిగిలింది పరదేశికి, తండ్రిలేని పిల్లలకు, విధవరాలికి అని దేవుడు తన జనానికి చెప్పాడు. మన డెల్టా వాళ్లకు ఇది అర్థం చేసుకోవడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. వరి కోతలయ్యాక చేలో రాలిన కంకులు ఏరుకోవడాన్ని మనం పరిగె అంటాం. మన బైబిల్లో రూతు ఏరుకున్నదీ పరిగే. నా చిన్నప్పుడు మా అమ్మతో కలిసి నేనూ ఏరాను. రూతు ఏరుకుంటుంటే ఆమెకోసం పనల్లోంచి కావాలని కొన్ని కంకులు లాగి పడేయమని బోయజు పనివాళ్లతో చెప్పాడు. ఆ కథ సండే స్కూల్లో నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చేతికందే గుత్తిని వదిలిపెట్టిన రోజు రాత్రి మాత్రం మా మనవడు ఒక ప్రశ్న అడిగాడు: "అయితే బోయజు వదిలేసినట్టు రూతుకి తెలీదా అమ్మమ్మా?" తెలియకుండా ఇవ్వడంలో ఉన్న మర్యాద వాడికి అందింది. అది నేను చెప్పింది కాదు.

అందుకని పళ్లకు వెళ్లేటప్పుడు ఇంటికి మూడు మాటలు పెట్టుకోండి. అడిగే కోయాలి, చెట్టు ఎవరిదైనా సరే. చేతికందే కొమ్మ మీద కొన్ని వదలాలి. మొదటి గిన్నె మన ఇంట్లోకి రాకముందే ఇంకొకరింటికి పోవాలి. మంచం పట్టిన ముసలాయన ఉంటాడు, కొడుకులు దూరాన ఉన్న ఒంటరి తల్లి ఉంటుంది. గిన్నె పిల్లలే మోసుకెళ్లనివ్వండి, మీరు వెంట వెళ్లొద్దు. ప్రథమ ఫలాలంటే ఏమిటో వాళ్లకు కోతపండుగ దాకా ఆగకుండానే తెలుస్తుంది. గూట్లో పిల్లలమీద ఉన్న తల్లిపక్షిని పట్టకూడదన్న మాట కూడా ఆ పుస్తకంలోనే, 22వ అధ్యాయంలో ఉంది. గూడు కనబడినప్పుడు చెట్టుకిందే ఆ మాట చెప్పండి.

భయపెట్టకుండా కొన్ని జాగ్రత్తలూ చెప్పాలి. ఎనిమిది లోపు ఇంటికి చేరిపోవాలి, వడగాలి పిల్లలకు త్వరగా తగులుతుంది. గట్లమీద చెప్పులు లేకుండా నడవనివ్వొద్దు. గడ్డిలో చెయ్యిపెట్టే ముందు కర్రతో తట్టాలి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం వద్దు. కాలుచేతులు కదలనివ్వకుండా నేరుగా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. ఈత మట్ట మొదట్లో ముళ్లు కంటికి ప్రమాదం, గెల పెద్దవాళ్లే కోయాలి. ఈ రోజుల్లో సాయంత్రాలు మబ్బు పట్టి ఉరిమిందంటే తాడిచెట్ల కింద, ఈతచెట్ల కింద నిలబడకూడదు. గబ్బిలం కొరికిన పండు తినకూడదు. ఎర్రగా మెరిసే గురువింద గింజ ఎంత ముద్దుగా ఉన్నా నోట్లో పెట్టకూడదు, అది విషం. రొయ్యల చెరువు గట్టుకు పిల్లలను ఒంటరిగా పంపనే వద్దు.

వల దగ్గర నాన్న

కుట్టుపని అనగానే అది ఆడపిల్లల సంగతి అని చాలామంది నాన్నలు పేపరు తిరగేస్తారు. మన ఊళ్లో ఆ మాట చెల్లదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరపడవలకు చేపలవేట నిషేధం. పిల్లల వేసవి సెలవులూ దాదాపు ఆ రోజుల్లోనే. ఏడాదిలో మిగతా నెలలన్నీ రాత్రనక పగలనక నీళ్లమీద ఉండే నాన్న ఈ రెండు నెలలు ఇంటిపట్టున ఉంటాడు. రేవు ఒడ్డున, వేపచెట్ల నీడన వలలు పరుచుకుని చిరుగులు బాగుచేస్తుంటాడు. అది కుట్టుపనే గదా. యేసు ప్రభువు పిలిచేనాటికి యాకోబు, యోహాను తండ్రి జెబెదయితో పాటు పడవలో కూర్చుని చేస్తున్న పని అదే. తండ్రీ కొడుకులు ఒకే పడవలో ఉన్నారని మత్తయి ప్రత్యేకంగా రాశాడు.

కాబట్టి నాన్నలూ, మీ అబ్బాయిని, అమ్మాయిని వల పక్కన కూర్చోబెట్టుకోండి. తెగిన కన్ను ఎక్కడుందో ముందు వాళ్లనే వెదకనివ్వండి. సూదికి దారం చుట్టడం వాళ్లకివ్వండి. కన్ను కొలతకు మీ వేలు ఎలా పెడతారో చూపించండి. ఆ నీడన మీరు చెప్పేది ఏదైనా వాళ్లకు గుర్తుంటుంది: ఉప్పెన సంగతి, మీ నాన్నగారి సంగతి, నడిసముద్రంలో మోటారు ఆగిపోయిన రాత్రి మీరు చేసిన ప్రార్థన సంగతి. రొయ్యల చెరువు మీద, ఆటో మీద, కూలిపని మీద బతికేవాళ్లకు రెండు నెలల తీరిక ఉండదని నాకు తెలుసు. మీరు రోజుకొక అరగంట ఇవ్వండి. అరగంటలో ఒక గుండీ కుట్టడం నేర్పొచ్చు.

ఈనెపుల్ల నుంచి సూదిదాకా

అయిదారేళ్ల పిల్లలకు సూది ఇవ్వొద్దు. బాదమాకులు, ఈనెపుల్లలు ఇవ్వండి. ఆకు మీద ఆకు పెట్టి, పుల్ల గుచ్చి, తీసి, విరిచి విస్తరి కుట్టడం మన పిల్లల మొదటి కుట్టు కావాలి. ఆ రోజు మధ్యాహ్నం ఆ వంకర విస్తట్లోనే అన్నం పెట్టండి. బైబిల్లో మొదటి కుట్టుపనీ ఆకులతోనే. ఆదాము హవ్వలు సిగ్గుపడి అంజూరపు ఆకులు కుట్టుకున్నారు. ఆకులు ఎంతసేపు నిలుస్తాయి? అప్పుడు దేవుడే వాళ్లకు చర్మపు చొక్కాలు చేసి తొడిగాడు. తప్పు చేసిన పిల్లలను తోటలోంచి పంపేముందు కూడా వాళ్ల ఒంటికి బట్ట చూసినవాడు మన దేవుడు. బిడ్డ తప్పుచేసిన రోజు ఆ మాట మనకూ గుర్తుండాలి.

ఎనిమిది తొమ్మిదేళ్లు దాటితే సూది పట్టొచ్చు. దారం మూరకంటే ఎక్కువ తీయొద్దు, పొడుగు దారం చిక్కుపడి పిల్లలకు విసుగొస్తుంది. మొదట గుండీ నేర్పండి. గుండీ మీద ఒక అగ్గిపుల్ల అడ్డం పెట్టి, పుల్ల మీదుగా దారం నాలుగుసార్లు పోనివ్వాలి. తర్వాత పుల్ల తీసేస్తే కుట్టు కాస్త వదులవుతుంది. ఆ వదులు దారానికి గుండీ కింద మూడు చుట్లు చుట్టి వెనక ముడి వేయాలి. గుండీకి చిన్న మెడ వస్తుంది, కాజాలో బిగుసుకోదు, బట్ట లాగదు. పుల్ల తీసిన క్షణాన గుండీ లేచి నిలబడితే పిల్లల ముఖం చూడండి! గుండీ తర్వాత లంగా అంచు మడిచి కుట్టడం, ఆ తర్వాత నాడా సంచి. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టి తన కూడు తాను సంపాదించుకున్నాడని అబ్బాయిలకు చెప్పండి. ప్రిస్కిల్ల కూడా వాళ్లతో సమానంగా ఆ పని చేసిందని అమ్మాయిలకు చెప్పండి.

ఇక్కడ నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. మా అమ్మాయి పదేళ్లప్పుడు దిండుగలీబు అంచు కుట్టింది. కుట్టు పాములాగా మెలికలు తిరిగింది. అది పడుకున్నాక నేను విప్పేసి, మిషను మీద తిన్నగా కుట్టి, పొద్దున్నే దిండుకు తొడిగాను. మంచిపని చేశాననుకున్నాను. మళ్లీ అది సూది ముట్టలేదు. ఇద్దరు పిల్లల తల్లయ్యాక ఒకరోజు అంది: "అమ్మా, నా కుట్టు నువ్వు రాత్రి విప్పేశావు, గుర్తుందా?" ఇరవయ్యేళ్లు ఆ సంగతి దాని మనసులో ఉంది. అందుకే మిమ్మల్ని బతిమాలుతున్నాను. వంకర కుట్టును ఉండనివ్వండి. విప్పక తప్పకపోతే, విప్పేది ఆ బిడ్డే కావాలి. పక్కన కూర్చుని దారం పోగులు తీయడం వరకే మన పని. ప్రార్థన తప్పుగా పలికినా, కంఠత వాక్యం సగంలో మరిచిపోయినా ఇదే పద్ధతి.

మాసిక చెప్పే పాఠం

పళ్లకు పోయిన పిల్లలు మరకల్లేకుండా, చిరుగుల్లేకుండా తిరిగిరారు. మనవరాలి కొత్త గౌను మీద నేరేడు మరక పడింది. వెంటనే చల్లనీళ్లతో తడిపి, నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో వేశాం. సగం పోయింది, సగం నిలిచింది. మిగిలిన మరక మీద ఊదారంగు గుడ్డ ముక్కతో పువ్వు కత్తిరించి కుట్టమన్నాను. ఇప్పుడు ఆ గౌను మీద పువ్వెందుకుందని ఎవరడిగినా, నేరేడు చెట్టు కథంతా చెప్తుంది.

మనవడి నిక్కరు ఈతముల్లుకు చిరిగింది. మాసిక వేద్దామని కొత్త గుడ్డ ముక్క తీసి, రాత్రంతా నీళ్లలో నానబెట్టాను. "పొద్దున్నే కుట్టొచ్చుగా, నానబెట్టడమెందుకు?" అన్నాడు. నానబెట్టకముందు ముక్కను కాగితం మీద పెట్టి పెన్సిలుతో గీత గీయించాను. ఆరాక మళ్లీ అదే గీత మీద పెట్టమన్నాను. గుడ్డ గీత లోపలికి కుంచించుకుపోయింది. పాతబట్టకు తడపని కొత్తగుడ్డ మాసిక వేయకూడదని, వేస్తే అది పాతదాన్ని లాగి చిరుగు పెద్దదవుతుందని ప్రభువు ఎందుకన్నాడో ఆ పెన్సిలు గీత చెప్పింది. ఇల్లు నడిపేవాళ్లందరికీ తెలిసిన సంగతితోనే ఆయన పరలోక సంగతి చెప్పాడు.

ఆ ఉపమానంలో మన తల్లిదండ్రులకూ ఒక మాట ఉందని నాకనిపిస్తుంది. బడి తెరిచే వారం ముందు మనకు ఒక్కసారిగా క్రమశిక్షణ గుర్తొస్తుంది. రేపట్నుంచి ఫోను బందు, ఐదింటికి లేవాలి, రోజుకు మూడు అధ్యాయాలు చదవాలి అని నియమాలన్నీ ఒకేరోజు కుట్టేస్తాం. అవన్నీ తడపని కొత్తగుడ్డలే. పదిహేను రోజుల ముందే నానబెట్టండి. ముందు మీ ఫోను తొమ్మిదింటికి అలమరలో పెట్టండి. ముందు మీరు లేవండి. మీ బైబిలు తెరిచి ఉండటం వాళ్ల కంట్లో పడనివ్వండి. నియమం మన మీద ఆరి, కుంచించుకుని, మెత్తబడ్డాక పిల్లల మీద వేస్తే చిరగదు.

ఉప్పెన బొంత

మా ఇంట్లో ఒక బొంత ఉంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. సొర్లగొంది లాంటి ఊళ్లు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. పోయిన ప్రాణాలు 10,000 దాకా అని ప్రభుత్వ లెక్క, అంతకు చాలా ఎక్కువని మా పెద్దలు ఇప్పటికీ అంటారు. మా ఇల్లు కూలింది, మేం మిగిలాం. తర్వాత ఎక్కడెక్కడినుంచో లారీల మీద బట్టలొచ్చాయి. కట్టుకోవడానికి పనికొచ్చినవి కట్టుకున్నాం. పనికిరాని చీరలు, చొక్కాలు మా అమ్మ పొరలు పొరలుగా పరిచి, నలుగురు ఆడవాళ్లతో కలిసి నాలుగు మూలలా లాగిపట్టి బొంత కుట్టింది. కుడుతూ ఆవిడ అన్న మాట నాకు గుర్తుంది: "ఇవి కట్టుకున్నవాళ్లెవరో మనకు తెలీదే. మనం చలికి వణుకుతున్నామని వాళ్లకు మాత్రం తెలిసింది."

ఆ బొంతను ఏటా వేసవి చివర ఎండలో వేస్తాం. కుట్లు ఊడినచోట మనవలు కుడతారు. అప్పుడు యొప్పేలో దొర్కా కథ చెప్తాను. ఆమె చనిపోతే విధవరాళ్లు పేతురు చుట్టూ చేరి, ఆమె తమకు కుట్టి ఇచ్చిన అంగీలు, బట్టలు చూపిస్తూ ఏడ్చారు. ఆమె మాట్లాడిన మాట ఒక్కటి కూడా అపొస్తలుల కార్యాల్లో లేదు. ఆమె కుట్టిన బట్టలే ఆమె సాక్ష్యం.

మీ పిల్లలు నేర్చుకున్న కుట్టుతో సెలవులు అయ్యేలోపు ఒక్క వస్తువు ఇంకొకరి కోసం చేయించండి. పాత చీర ముక్కతో నాడా సంచి చాలు, సండే స్కూల్లో బైబిలు పెట్టుకోవడానికి సంచి లేని పాపకు ఇవ్వొచ్చు. పక్కింట్లో పుట్టబోయే బిడ్డకు మెత్తటి పక్కగుడ్డ చాలు.

పనికున్న విలువ కూడా ఈ రోజుల్లోనే నేర్పండి. మన కోస్తాలోనే నరసాపురం ఉంది. అక్కడి లేసు అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చి ఇల్లిల్లూ చేరింది, 2024లో దానికి జీఐ గుర్తింపూ దక్కింది. ఆ లేసు అల్లే ఆడవాళ్ల గురించి మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో పుస్తకం ప్రచురించింది. రోజంతా అల్లే ఆ స్త్రీలను ఇంట్లో ఊరికే కూర్చున్న గృహిణుల కింద లెక్కగట్టి, వాళ్లకు చాలా తక్కువ కూలి ఇచ్చారని ఆ పుస్తకం చూపించింది. ఒక గుండీ కుట్టడానికి ఎంతసేపు పట్టిందో తెలిసిన పిల్లవాడు, వీధి చివర జాకెట్లు కుట్టే అక్కతో పది రూపాయలకు బేరమాడడు. ముందు మనం ఆడకూడదు.

సాయంకాలపు ప్రార్థన

కుటుంబ ప్రార్థన పొట్టిగా ఉండనివ్వండి. ఒక పాట, నాలుగు వచనాలు, ఇంట్లో ప్రతి ఒక్కరూ ఒక్కో మాట. ఆ రోజు చేతులు చేసిన పనికి తగిన భాగం చదివితే పిల్లలకు నిద్ర రాదు.

ఒక్క సంగతి మాత్రం మానేయాలి. పిల్లల మీద కోపాన్ని ప్రార్థనలో పెట్టకండి. "ప్రభువా, మాట వినని ఈ బిడ్డకు బుద్ధినివ్వు" అని పైకి అంటున్నప్పుడు మనం మాట్లాడుతున్నది దేవుడితో కాదని ఆ బిడ్డకు తెలుసు. కళ్లు మూసుకుని తిట్టించుకోవడం వాళ్లకు చాలా అవమానం. అలాంటి మాట చెప్పాలనిపిస్తే ఒంటరిగా మోకరించినప్పుడు చెప్పుకోండి. "దేవుడు చూస్తున్నాడు, శిక్షిస్తాడు" అని పళ్ల గిన్నెకు కాపలా పెట్టడం కూడా వద్దు. మా మనవరాలు ఒక రాత్రి చేసిన ప్రార్థన మొత్తం ఇంతే: "నేరేళ్లకు వందనాలు. ముగ్గేసే మామ్మగారి మోకాలి నొప్పి తగ్గించు. ఆమేన్." మన చర్చికి రాని ఇంటి చెట్టు పళ్లు తిని, ఆ ఇంటి ఇల్లాలి మోకాలిని దేవుని ముందు తలుచుకుంది. అంతకంటే మంచి ప్రార్థన నేను దానికి నేర్పలేను.

పెట్టె సర్దే రోజు

మన దివిసీమలో చాలా ఇళ్లలో వేసవి చివర ఒక బరువైన రోజు వస్తుంది. పదో తరగతి అయిన బిడ్డను, కొన్నిచోట్ల ఆరో తరగతి బిడ్డను కూడా, విజయవాడో గుడివాడో హాస్టలుకు పంపే రోజు. పులిగడ్డ దాటేదాకా కిటికీలోంచి చూస్తూ, తర్వాత చీరచెంగు కళ్లకు అడ్డం పెట్టుకునే తల్లుల్ని ఆ బస్సుల్లో చాలామందిని చూశాను. హన్నా కూడా అలాంటి తల్లే. పాలు మాన్పించిన సమూయేలును షిలోహులో ఏలీ దగ్గర వదిలి వచ్చింది. ఏడాదికొకసారి బలి అర్పించడానికి వెళ్లేటప్పుడు వాడికొక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది. నేను కుట్టుపని చేసే మనిషిని కనుక ఆ వచనం దగ్గర ఎప్పుడూ ఆగిపోతాను. ఏడాదిపాటు చూడని బిడ్డ ఎంత పెరిగి ఉంటాడో, భుజం ఎంత పెట్టాలో, చెయ్యి ఎంత వదలాలో ఆమె మనసులోనే కొలుచుకుని ఉంటుంది. ఆ కొలతల్లోనే ఆమె ప్రార్థనంతా ఉండి ఉంటుంది.

మీరూ కొలవండి. హాస్టలు బట్టలకు పేరు కుట్టేటప్పుడు దర్జీకి ఇవ్వకుండా ఇంటిల్లిపాదీ కూర్చుని కుట్టండి. తువ్వాలు మూల నాన్న ఒక అక్షరం, చొక్కా కాలరు లోపల చెల్లెలు ఒక అక్షరం. పెట్టె అడుగున సూది, రెండు రంగుల దారం, నాలుగు గుండీలు, ఒక అగ్గిపుల్ల పెట్టండి. పక్కన చిన్న బైబిలు పెట్టండి. పెట్టె మూసే ముందు బిడ్డ తల మీద చెయ్యి వేసి రెండు మాటల్లో ఆశీర్వదించండి. ఎక్కువ చెప్పొద్దు. చెప్పాల్సిందంతా ఆ రెండు వారాల్లో చెట్టు కింద, వల పక్కన, బొంత మీద చెప్పేసి ఉంటారు.

మా మనవడు పోయిన జూన్లో అలాగే వెళ్లాడు. ఒక ఆదివారం ఫోను చేసి ఆరాధన సంగతి, అన్నం సంగతి చెప్పాక, "అమ్మమ్మా, పెట్టెలో గుండీలు అయిపోయాయి, ఇంకో నాలుగు పంపు" అన్నాడు.

"అప్పుడే నాలుగు గుండీలు ఊడాయా నాయనా?" అన్నాను.

"నావి కాదు అమ్మమ్మా, మా రూములో వాళ్లవి. వాళ్లకెవరికీ కుట్టడం రాదంట."

మర్నాడు ఒక డజను గుండీలు పోస్టులో వేశాను.